బంతి పిసకనన్న అమ్మ చేత ఏం చేయించాలి?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. అల్జైమర్స్ అని చెప్పి మూడేళ్లయింది. గుంటూరు దగ్గర పల్లెలో ఇంటికి తాళం వేసి ఏడాది క్రితం హైదరాబాద్ తెచ్చుకున్నాం. ఈ ఆరు నెలల్లో జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతోంది. కంచం ముందు కూర్చుని అన్నం వైపు చూస్తూ ఉండిపోతోంది. కుర్చీలోంచి లేవడానికీ తడబడుతోంది. చేతులకు బలం రావాలని రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నారు. రెండుసార్లు పిసికి పక్కన పడేస్తోంది, గట్టిగా చెబితే ఏడుస్తోంది. పనులన్నీ మేమే చేసిపెట్టడం మంచిదా, ఏమైనా చేయించాలా? చేయిస్తే ఏం చేయించాలి?

సమాధానం:

బంతి పడేయడంలో మీ అమ్మగారి తప్పేమీ లేదండి. ఆవిడ జన్మలో ఎప్పుడైనా బంతి పిసికారా? పిండి పిసికారు, చింతపండు పిసికారు, తడిబట్టలు పిండారు. ఆ చేతులకు తెలిసిన పని వేరు, మనం ఇస్తున్నది వేరు. ఇది ఎందుకు చెయ్యాలో గుర్తుపెట్టుకునే శక్తి ఉన్నవాళ్లకు బంతి పనికొస్తుంది, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లకు నేనూ ఇస్తాను. మతిమరుపు జబ్బులో మాత్రం ఆ 'ఎందుకు' అన్నది రెండో నిమిషానికే జారిపోతుంది. ఇక చేతిలో మిగిలేది ఓ రబ్బరు ముద్ద.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే జబ్బుపడ్డవాళ్ల చేత రోజువారీ పనులు మళ్లీ చేయించేదాన్ని. ఈ పనిలో ఇరవై రెండేళ్లు. మా అత్తగారికీ ఇదే జబ్బు, ఆరేళ్లు ఇంట్లో చూసుకున్నాం. అందుకని కొంత చదువుకున్నది, కొంత ఇంట్లో తప్పులు చేసి నేర్చుకున్నది, రెండూ కలిపి చెబుతున్నాను.

మీ ప్రశ్నలో అసలు మాట 'అన్నీ మేమే చేసిపెట్టడం మంచిదా' అన్నది. మన ఇళ్లలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి చేయడం మర్యాద. "ఇన్నాళ్లూ చేసింది చాలమ్మా, కూర్చో" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఈ జబ్బులో వాడని చెయ్యి చాలా తొందరగా పని మానేస్తుంది, పైగా ఒకసారి పోయిన పనిని మళ్లీ నేర్పడం దాదాపు కుదరదు. జబ్బు తీసేసుకున్నది కొంత, మనం లాగేసుకున్నది కొంత. మొదటిది మన చేతిలో లేదు.

మా అత్తగారు మల్లెపూలు బాగా కట్టేవారు. జబ్బు ముదిరాక ముడులు వదులైపోయి మాల జారిపోయేది. రాత్రి నేను విప్పి మళ్లీ కట్టేదాన్ని. విసుగొచ్చి కొన్నాళ్లకు పూలు ఇవ్వడమే మానేశాను, కట్టిన మాలే కొనడం మొదలుపెట్టాను. మూడు నెలలకు పూలబుట్ట ముందు పెడితే ఆవిడ ఒక్కో పువ్వూ తీసి పక్కన పెట్టారు, అంతే. రెండు పూలు జత చేసి దారం తిప్పడం పోయింది. రోజూ పదిమందికి చెప్పే మనిషిని, నా ఇంట్లో నేను చేసిన పని అది. వదులు మాలతో దేవుడికేమైనా లోటా?

అల్జైమర్స్ మొదట దెబ్బతీసేది మెదడు లోపలి వైపున్న హిపోకాంపస్‌నీ దాని చుట్టుపక్కల భాగాన్నీ. కొత్త సంగతులు దాచుకునే చోటది. కుట్టడం, కలపడం, ముడివేయడం లాంటి చేతివాటం పనులు ఉండేది వేరే చోట, మెదడు అడుగున ఉండే బేసల్ గాంగ్లియాలో, వెనకవైపు చిన్నమెదడులో. అల్జైమర్స్ అక్కడికి చేరేసరికి చాలా కాలం పడుతుంది. ఈ రెండూ వేరువేరని తెలిసింది అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే ఆయన వల్ల. మూర్ఛ తగ్గించడానికి 1953లో ఆయనకు ఆపరేషన్ చేసి రెండు వైపులా హిపోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. దాంతో కొత్తది ఏదీ గుర్తుండటం మానేసింది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. రోజురోజుకూ చెయ్యి బాగా తిరిగింది, తప్పులు తగ్గాయి. ఆయన మాత్రం ప్రతిసారీ ఇదే మొదటిసారి అనుకున్నాడు. మనిషికి గుర్తులేదు, చేతికి గుర్తుంది.

మీ అమ్మగారిని "చిక్కుడుకాయ ఈనె ఎలా తీస్తావమ్మా?" అని అడగకండి, చెప్పలేరు. కాయ చేతిలో పెట్టండి. అడగడం వేరు, అందించడం వేరు. "గుర్తుందా?" అన్న మాట ఇంట్లో కొన్నాళ్లు మానేయండి, అది వాళ్లకు పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇప్పుడు చెప్పినదంతా అల్జైమర్స్‌కు. పార్కిన్సన్స్‌తో వచ్చే మతిమరుపులో, లూయీ బాడీ అనే రకంలో, చిన్నచిన్న స్ట్రోకుల వల్ల వచ్చేదాంట్లో కదలికలు తొందరగానే దెబ్బతినవచ్చు. ఇది చదివే మిగతావాళ్లు తమవాళ్లది ఏ రకమో డాక్టరును అడిగి తెలుసుకోండి. లూయీ బాడీ ఉన్నవాళ్లకు గొడవ తగ్గించడానికని ఇచ్చే కొన్ని మాత్రలు ఒళ్లంతా బిగుసుకుపోయేలా చేస్తాయి, హాలోపెరిడాల్ అందులో ఒకటి.

అన్నం సంగతికొద్దాం. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే.

కంచం వైపు చూస్తూ ఉండిపోతున్నారంటే ఆకలి లేదనుకోకండి. మొదట కంచం చూడండి. మెరిసే స్టీలు కంచంలో ట్యూబ్‌లైట్ ప్రతిబింబిస్తూ ఉంటే అందులో తెల్లన్నం ఎక్కడ మొదలైందో ఆ కంటికి తెలియదు. తెల్ల పింగాణీలో పెరుగన్నం అయితే మరీ కష్టం. అమెరికాలో బోస్టన్ పరిశోధకులు అల్జైమర్స్ బాగా ముదిరినవాళ్లకు తెల్ల పళ్లేల బదులు ముదురు ఎరుపు పళ్లేలు పెట్టి చూసి 2004లో ఫలితం ప్రచురించారు. తిండి దాదాపు నాలుగోవంతు పెరిగింది. మనకు ఎర్ర పళ్లెం వెతుక్కోవాల్సిన పని లేదు, అరిటాకు ఉంది. పచ్చటి ఆకు మీద తెల్లన్నం కళ్లకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది, పైగా ఆకు వేయగానే ఆవిడ ఒళ్లంతటికీ భోజనమని తెలిసిపోతుంది. రోజూ ఆకు దొరక్కపోతే ముదురు రంగు మెలమైన్ పళ్లెం కొనండి, పువ్వుల డిజైన్ లేనిది. పువ్వుల్ని ఏరబోతారు.

అన్నీ ఒకేసారి వడ్డించకండి. అన్నం, పప్పు, చుక్క నెయ్యి. అంతే. అది అయ్యాక కూర, చివర పెరుగు. ఐదు గిన్నెలు చుట్టూ ఉంటే దేంతో మొదలుపెట్టాలో తేలక చెయ్యి ఆగిపోతుంది. మీరో, మీ ఆవిడో ఎదురుగా కూర్చుని అదే అన్నం తినండి. ఎదుటివాళ్లు కలుపుతుంటే చూసి చెయ్యి కదులుతుంది. అప్పటికీ కదలకపోతే ఆవిడ వేళ్లు తీసి అన్నం మీద ఆనించండి. ఆ మెత్తదనం, ఆ వేడి తగిలితే చాలాసార్లు వేళ్లే కలపడం మొదలుపెడతాయి. అది కూడా కాకపోతే మీ అరచెయ్యి ఆవిడ చేతి కింద ఉంచి, ఆవిడ చెయ్యి మీ చేతి మీద స్వారీ చేస్తున్నట్టుగా, మొదటి ముద్ద కలిసి కలపండి. కింద అని ప్రత్యేకంగా చెబుతున్నాను. పైనుంచి పట్టుకుని నడిపిస్తే ఎవరో బలవంతం చేస్తున్నట్టనిపించి చెయ్యి బిగదీస్తారు. రెండో ముద్దకు మెల్లగా మీ చెయ్యి తప్పించండి.

చెంచా అలవాటు చేయకండి, అది ఆవిడకు కొత్త విద్య. ఆయా ఉంటే ఆవిడకు కూడా చెప్పండి. పదినిమిషాల్లో పని అయిపోతుందని ఆయాలు చెంచాతో నోట్లో పెట్టేస్తారు, నెల తిరిగేసరికి కంచం దగ్గర చెయ్యి లేవదు. అలాగని తినేటప్పుడు దగ్గొస్తున్నా, ముద్ద బుగ్గలో పెట్టుకుని మింగకపోయినా, గొంతు గరగరలాడుతున్నా అది చేతి సమస్య కాదు. మింగడంలో తేడా వచ్చింది, వెంటనే చూపించాలి.

హుక్కులు. ఇందులో గెలవడం తేలిక. జాకెట్టు ముందు హుక్కులన్నీ మీ ఇంట్లో ఆడవాళ్లు పెట్టి, ఆఖరిది ఒక్కటి వదిలేయాలి. ఆ ఒక్కటీ ఆవిడ పెట్టుకుంటారు. అంటే పని పూర్తి చేసింది ఆవిడే. అది కుదిరాక ఆఖరి రెండు. మొదటి హుక్కు ఆవిడ చేత పెట్టించి మిగతావి మనం పెడితే, మధ్యలో పని లాక్కున్నట్టవుతుంది. చిన్న హుక్కులు తీయించి పెద్దవి కుట్టించండి, ఇంకా కష్టమైతే టిచ్ బటన్లు. నైటీలోకి మార్చేద్దామని చాలామంది తొందరపడతారు. చీర కట్టే చేతులకు కుచ్చిళ్లు పోసుకోవడం చాలా ఆలస్యంగా పోయే విద్య. చుట్టు మీరు తిప్పి, కుచ్చిళ్లు ఆవిడ చేత పోయించి, మీరు దోపండి. అంచు మాత్రం పాదాల పైకే ఉండాలి, కాళ్లకు అడ్డం పడి పడిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఏ పనైనా చెప్పేటప్పుడు ఒక్క మాటలో చెప్పి, చేత్తో చూపించి, మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. నాలుగు దగ్గరే మన నోరు ఊరుకోదు, మళ్లీ చెబుతాం. రెండోసారి చెప్పినప్పుడు ఆవిడ బుర్రలో పని మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఊరికే ఉండటమే ఇందులో కష్టమైన భాగం, నాకు ఇప్పటికీ కష్టమే.

ఇక రోజూ చేయించడానికి ఏం ఉన్నాయంటే, మీ అమ్మగారు పల్లెటూరి మనిషి కాబట్టి పెద్ద కొదవ లేదు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కందికాయలు ఒలవడం, పత్తితో వత్తులు చేయడం, చేటలో బియ్యం ఏరడం, తువ్వాళ్లు మడతపెట్టడం, కవ్వంతో మజ్జిగ చిలకడం. వత్తులు నా లెక్కలో చాలా మంచివి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి తిప్పే ఆ పనే రేపు హుక్కు పట్టుకోవడానికీ, మాత్ర తీసుకోవడానికీ కావాలి. కవ్వం భుజాలకూ మణికట్లకూ మంచిది, మీ బంతి చేయాల్సిన పని అది చేసిపెడుతుంది. అమ్మగారికి ముగ్గులు ఇష్టమైతే బాల్కనీలో నేల మీద వంగనివ్వకండి. బల్ల మీద నల్లటి పలకో అట్టో పెట్టి బియ్యప్పిండితో వేయించండి. చుక్కలు మీరు పెట్టండి, కలపడం ఆవిడ పని. వంకర వస్తే రానివ్వండి.

మనుషుల్ని బట్టి పని వెతకాలి. ఇందులో నా మొదటి ఓటమి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకు రంధ్రాల్లో రంగురంగుల పుల్లలు గుచ్చే బల్ల ఇచ్చాను. విసిరికొట్టారు. "నేను ఒకటో క్లాసా?" అన్నారు, అప్పటికి మూడు మాటలకు మించి మాట్లాడని మనిషి. తర్వాతి వారం పాత పరీక్ష పేపర్ల కట్టా, ఎర్ర పెన్నూ పెట్టాను. ముప్పావుగంట కదలకుండా దిద్దారు. మార్కులు ఎక్కడపడితే అక్కడ వేశారు, ఐతేనేం, పెన్ను పట్టు, మణికట్టు కదలిక, కాగితం తిప్పడం అన్నీ సవ్యంగా జరిగాయి.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ చేతులు రోజంతా గాల్లో, దుప్పటి అంచు మీద ఏదో చుడుతూ ఉండేవి. పిచ్చి చేష్టలని ఇంట్లోవాళ్లు నిద్రమాత్ర అడగడానికి తీసుకొచ్చారు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులవి. గోధుమరంగు కాగితాన్ని తునికాకు సైజులో కత్తిరించి చాటలో పోసి ఒళ్లో పెడితే ఆ చేతులు సర్దుకున్నాయి. చుట్టి, మడిచి, కట్ట కట్టేసరికి ఆవిడ ముఖంలో కంగారు తగ్గింది. పొగాకు అవసరం రాలేదు.

ఈ పద్ధతికి వెనక ఒక పాఠశాల ఉంది. మాంటిస్సోరి అంటే మనకు సందుకొక స్కూలు బోర్డు. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి ఇక్కడి టీచర్లకు పాఠాలు చెప్పారు. పోయడం, ఏరడం, తుడవడం లాంటి నిజమైన ఇంటిపనులనే పిల్లల చేతికివ్వాలన్నది ఆవిడ పద్ధతి. కామెరాన్ క్యాంప్ అనే అమెరికన్ సైకాలజిస్టు దాన్ని మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు అన్వయించారు. పద్ధతి పిల్లలది కావచ్చు, వస్తువులు మాత్రం పిల్లలవి కాకూడదు. ప్లాస్టిక్ బొమ్మలు ఇచ్చి "ఆడుకో" అనకండి. "అమ్మా, కాస్త సాయం చేయవా, నాకు టైం లేదు" అనండి.

లేవడం, నడవడం గురించి. నవారు మంచం, మెత్తటి సోఫా మానండి. చేతులున్న గట్టి కుర్చీ, పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తులో. ముందుకు జరగాలి, పాదాలు కాస్త వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్ల మీదకు వచ్చేంత వంగి లేవాలి. చాలామంది వెనక్కి వాలి లేవబోతారు, అందుకే మళ్లీ కూలబడతారు. చంకల కింద పట్టి ఎత్తకండి, భుజం పట్టేస్తుంది. ఎదురుగా కాకుండా పక్కన నిలబడి "గోవిందా" అనండి. ఒకటి రెండు మూడు కంటే ఇది బాగా పనిచేస్తుంది, తిరుమల మెట్లెక్కిన కాళ్లకు ఆ మాటతో అడుగు పడుతుంది. తెలంగాణ ఆడవాళ్లకైతే బతుకమ్మ చప్పట్లు, అదే లయలో అడుగు పక్కకు పడుతుంది. ప్రతి భోజనానికి ముందు ఐదుసార్లు లేచి కూర్చోవడం చాలు, పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉన్నప్పుడే.

నడిచేటప్పుడు కబుర్లు చెప్పకండి. మాట్లాడించగానే ఆగిపోయే పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం ఎక్కువని స్వీడన్ వాళ్లు 1997లోనే రాశారు. రెండు పనులు ఒకేసారి మోయలేని మెదడది. గుమ్మం దగ్గర నల్లటి పట్టా ఉంటే తీసేయండి, ఆ కళ్లకు గొయ్యిలా కనపడవచ్చు. మెరిసే టైల్స్ నీళ్లలా కనపడతాయి. హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టీ ఉన్నవి కొనండి. బాత్‌రూంలో పట్టుకోవడానికి కడ్డీలు వేయించండి, దాని గురించి ఆలోచిస్తూ కూర్చోకండి.

ఎంత ఆశ పెట్టుకోవాలో కూడా చెప్పాలి. ఇంగ్లండులో 494 మందితో నాలుగు నెలలు గట్టిగా వ్యాయామం చేయించి చూశారు, 2018లో ఫలితం వచ్చింది. ఒంటి దారుఢ్యం పెరిగింది, మతిమరుపు మాత్రం తగ్గలేదు. ఫిన్లాండులో 210 మందిని మూడు భాగాలు చేసి, ఒక భాగానికి ఇంటికే వెళ్లి వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదిపాటు వాళ్లకు తగ్గట్టు వ్యాయామం చేయించారు. 2013లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం వాళ్లలో సొంత పనులు చేసుకునే శక్తి మిగతావాళ్లకన్నా నెమ్మదిగా తగ్గింది, పడిపోవడాలు తక్కువయ్యాయి. కాబట్టి వత్తులు చేస్తే అమ్మకు మీ పేరు గుర్తొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బాత్‌రూంకు తన కాళ్ల మీద తను ఇంకొంతకాలం వెళ్తుంది, తన ముద్ద తను తింటుంది. దానికోసం చేస్తున్నాం.

టైం గురించి మీరు అడగలేదు కానీ అది మీ ఆవిడ తరఫున నేను చెప్పాలి. చేయించడానికి, చేసిపెట్టడానికి పట్టే టైంకి మూడింతలు పడుతుంది. అన్ని పనులూ ఇలా చేయించబోతే ఇంట్లోవాళ్లు నెలరోజుల్లో చతికిలపడతారు. భోజనం ఒకటి, ఉదయం కాఫీ తర్వాత ఇరవై నిమిషాల పని ఒకటి పెట్టుకోండి. స్నానం, తలదువ్వడం లాంటివి నిస్సంకోచంగా మీరే చేసేయండి. సాయంత్రం దీపాల వేళ చాలామందికి చికాకు పెరుగుతుంది, అప్పుడు ఏ పనీ పెట్టకండి. మాట సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి, పెద్దవాళ్ల కోసమైతే ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

జాగ్రత్తలు రెండు మూడు. కత్తిపీట కనపడకుండా దాచండి. చింతగింజలు, పూసలు, కర్పూరం నోట్లో పెట్టుకునే దశ వస్తుంది, చేతికందనివ్వకండి. వత్తులు చేసే చోట దీపం వద్దు.

మీరు ఆరు నెలల్లో అన్నారు కాబట్టి జబ్బు నడక అదే అనిపిస్తోంది, అయినా ఒకసారి బి12 విటమిన్, థైరాయిడ్, కంటిచూపు చూపించండి. చేతకావడం రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి వస్తే మాత్రం అది మతిమరుపు కాదు, మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్త మాత్రో అయ్యుంటుంది, ఆ రోజే డాక్టరు దగ్గరకు. ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా, గుర్తు తెచ్చుకోండి, పెద్దవాళ్లలో రక్తం కొన్ని వారాల తర్వాత కూడా నెమ్మదిగా చేరి మెదడును నొక్కవచ్చు. మూతి వంకరపోయినా, ఒకపక్క చెయ్యి పడిపోయినా ఆగకుండా 108.

మీ అమ్మగారిది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అన్నది రాయలేదు. వడ్డించేటప్పుడు, హుక్కుల దగ్గర, కుర్చీ పక్కన నిలబడేటప్పుడు మీరు ఏ వైపు ఉండాలో దాన్ని బట్టి మారుతుంది. ఊళ్లో ఉండగా ఆవిడ రోజూ ఏ పని చేసేవారో కూడా మీ మేనత్తనో పిన్నినో అడిగి రాయండి. కొడుకులకు సాధారణంగా సగమే తెలుస్తుంది.